రేకు మీద రెండో దెబ్బ

"మళ్లీ చిల్లు పడింది సార్," అంది బిందుమాధవి, గొట్టం చివర నుంచి రేకును ఊడదీస్తూ.

గంగాధరం కుర్చీలోంచి లేవలేదు. అనకాపల్లి శివార్లలోని ఆ షెడ్డులో తయారవుతున్నది వ్యోమనౌకకు కవచం. నౌక మహావేగంతో పోతుంటే ఎదురొచ్చే ఇసుక రేణువు కూడా తూటా అవుతుంది. అందుకే పొడవాటి గొట్టంలోంచి ఒక్క రేణువును పేల్చి, చివరనున్న రేకు ఆగుతుందో లేదో చూస్తారు. ఆ దెబ్బకు రేకు ఆగుతూనే ఉంది. దాని పక్కనే, ఎవరూ పేల్చని రేణువేదో తగిలి చిల్లు పడుతోంది. సాయంత్రంలోగా ఒక్క రేకైనా నిలవకపోతే బెంగళూరు కంపెనీ షెడ్డు మూసేస్తుంది.

"చిల్లు అంచున ఏటుంది?"

"అదే సార్. బూడిద."

గంగాధరం తల తిప్పి అప్పలరాజు వైపు చూశాడు. గొట్టం తుడిచేది అతనే.

"బీడీ కాల్చి లోపలికొచ్చేవా?"

"లేదు బాబూ. ఎప్పుడో మానీసేను. నా సంచి సూసుకోండి."

"చూసేను. దాచుకోడం నీకు తెలీదా ఏటి?"

"లేనిదాన్ని ఎక్కడ దాత్తాను బాబూ?"

"ఇంటికెళ్లు. రేపట్నించి రాకు."

అప్పలరాజు టోపీ, మాస్కు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. గంగాధరానికి జాలి పడే ఓపిక కూడా లేదు. పరీక్షలు మొదలైన దగ్గర్నుంచి ఇదే వరస. తెల్లారకముందే తలస్నానం, శివాలయం, అట్నుంచి అటే షెడ్డు. నిద్ర చాలక కళ్లు మండుతున్నాయి.

ఆఖరి రేకు బిగించారు. ఈసారి గొట్టం బిందుమాధవి తుడిచింది. అయినా గంగాధరం ఒకరిని నమ్మే మనిషి కాదు. ఎప్పటిలాగే తనే వంగి, గొట్టం మూతికి నుదురు ఆనించి, టార్చి వేసి లోపలంతా చూశాడు.

"అద్దంలా ఉంది. కానియ్ అమ్మా."

షెడ్డు దద్దరిల్లింది. బిందుమాధవి రేకు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకచోట చిన్న సొట్ట. దాని పక్కన చిల్లు. మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది.

"బూడిదేనా?"

"బూడిదే సార్."

"అప్పలరాజు లేడు కదా. మరింకెవరు?"

ఆమె గొట్టం మూతిని వేలితో తుడిచి, ఆ వేలి వంకా ఆయన మొహం వంకా చూసింది.

"చెప్పమ్మా. ఎవరైనా సరే, ఇప్పుడే పంపించేస్తాను."

"మీ నుదుటి విబూది సార్."