ఇంటర్వెల్ తర్వాత

"కొత్త సూపర్ హీరో సినిమా వద్దు. అదే కథతో వచ్చిన పాతది టీవీలో చూద్దాం. పాతదాంట్లో హీరో మొదటి పాటకే ఎగురుతాడు. కొత్తదాంట్లో ఇంటర్వెల్ దాకా నేలమీదే!" అన్నాడు గణపతి.

జడ వేసుకుంటున్న వీరలక్ష్మి చెయ్యి ఆగిపోయింది. సినిమా హాలు మొహం చూడని మనిషికి ఇవన్నీ ఎలా తెలిశాయి?

పడవ తిరగబడి కొడుకు పోయి ఏడాదైంది. ఇన్నాళ్లకి కోడలు రోజా తనంతట తాను "సినిమాకి వెళ్దామా అత్తయ్యా" అని అడిగింది. లోపల చీర కట్టుకుంటోంది. ఈయనేమో పొద్దుటినుంచీ అడ్డుపుల్లలు వేస్తున్నాడు.

"మీరు చూశారా?"

"ఎవరో చెప్పారు."

"ఎవరో అంటే? బుధవారం వల కొంటానని అవనిగడ్డ వెళ్లి ఉత్త చేతులతో వచ్చారు. నిజం చెప్పండి, ఎవరితో చూశారు?"

గణపతి తల దించుకున్నాడు.

"ఒక్కణ్ణే వెళ్లాను. కథలో హీరో తమ్ముడు సముద్రంలో పోతాడు. పాతదాంట్లో కబురొస్తుంది, అంతే. కొత్తదాంట్లో ఇంటర్వెల్ తర్వాత ఆ మునగడం మొత్తం చూపించారు. రోజా అది చూసి తట్టుకోలేదే."

వీరలక్ష్మి జడ వదిలేసి ఆయన దగ్గరికి వచ్చింది. అదంతా ఈయన ఒక్కడూ కూర్చుని చూశాడు.

అలికిడికి ఇద్దరూ తిరిగారు. రోజా గుమ్మంలో నిలబడి ఉంది. అంతా విన్నట్టుంది.

"కొత్తదానికే వెళ్దాం మావయ్యా. అది వచ్చే ముందు చెప్పండి, కళ్లు మూసుకుంటాను."

"నాక్కూడా చెప్పండి," అంది వీరలక్ష్మి.