పదేళ్ల పూచీ

ఫ్రిజ్ తలుపు సందులో మళ్లీ బస్సు టికెట్టు ముక్క కనిపించింది.

బాలకోటయ్య దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఇట్టే ఊడి వచ్చింది. సత్తెనపల్లి నుంచి నరసరావుపేట. ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు.

"ఏమే, ఆ గురువారం ముసలామె మళ్లీ వచ్చిందా?"

"అదుగో, పెరుగు ప్యాకెట్టు పట్టుకుని మీ ఎనకే ఉంది," అంది అతని భార్య సుశీల.

వాళ్లది కిరాణా కొట్టు. నైరుతి మూల నిలువెత్తు అద్దాల ఫ్రిజ్. అందులోని పాలు, పెరుగు, ఐస్‌క్రీముల వ్యాపారమంతా సుశీలదే. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె తనది అని చెప్పుకోగలిగిన పని అదొక్కటే.

కానీ ఆ ఫ్రిజ్ కరెంటును మంచినీళ్లలా తాగేస్తోంది. ఇంకో నెల చూసి, బిల్లు తగ్గకపోతే దాన్ని పాత ఇనప సామాన్ల వాడికి ఇచ్చేసి పాల వ్యాపారం మానేస్తానని బాలకోటయ్య పంతం పట్టాడు. కోటప్పకొండ కదిలితే కదలొచ్చుగానీ, పంతం పట్టిన బాలకోటయ్య కదలడు.

ముసలామె కొంగు తలమీదికి లాక్కుని, ఫ్రిజ్ తలుపు అంచు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ప్రతి గురువారం ఇంతే. ఒక్క పెరుగు ప్యాకెట్టు కొంటుంది, పావుగంట నిలబడుతుంది.

"ఏం మామ్మా, ఇందులో టికెట్లు పెడతన్నావేంది? చేతబడా?"

"కాదు నాయనా. టికెట్టు పెట్టి తలుపేసి లాగితే గట్టిగా పట్టాల. ఊరకే జారొచ్చిందంటే తలుపు రబ్బరు పోయినట్టే. చల్లదనమంతా ఆ సందులోంచే పోతంది."

"అబ్బో!"

"ఎనక ఆ బియ్యం బస్తాలు కూడా జరుపు. వేడి బయటికి పోయే జాలీకి ఆనించేశారు, దానికి ఊపిరాడటంలా. దుమ్ము కూడా చానా పట్టింది."

"నైరుతిలో బరువుండాలమ్మా. వాస్తు. బస్తాలు తీస్తే కొట్టే నిలబడదు."

"నైరుతిలోనే ఉండనీ. జానెడు ఎడం ఇయ్యి చాలు."

బేరానికి వచ్చినవాళ్లు నవ్వారు. తన కొట్లో నిలబడి తనకే పాఠం చెబితే ఎవరికైనా మండుతుంది. బాలకోటయ్యకు కాస్త ఎక్కువ మండింది.

"దీన్ని తయారుచేసిన మెకానిక్కే పత్తా లేడు, నువ్వు చెప్పొచ్చావా? రెండు పాత ఫ్రిజ్‌లు కలిపి కట్టిచ్చాడు. పదేళ్లు నాదీ పూచీ అన్నాడు. మూడేళ్ల నుంచి ఫోనెత్తడు. మాట మీద నిలబడని మనిషి!"

ముసలామె తలుపు మీంచి చెయ్యి తీసేసింది.

"ఆ పదేళ్లు ఎప్పటికవుతయ్ నాయనా?"

"ఇంకా రెండేళ్లుంది. అయినా నీకెందుకు? ఫ్రీ బస్సెక్కి చల్లగాలికి వచ్చేదానివి! ఇంకోసారి రామాక."

ఆమె పెరుగు ప్యాకెట్టుకు చిల్లర బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

"పెద్దామెను అట్టా అంటారా?" అంది సుశీల.

"నువ్వూరుకో."

తర్వాతి గురువారం ఆమె రాలేదు.

భుజాన సంచితో ఒకతను వచ్చాడు.

"నా పేరు సాల్మన్ రాజండి. సత్తెనపల్లి. ఈ ఫ్రిజ్ కట్టింది మా గురువుగారే. ఆయన పూచీ ఉందిగా, బాగు చేసిపోదామని వచ్చా."

బాలకోటయ్య ముఖం వెలిగింది.

"చూశావా సుశీలా? మొన్న తిట్టిన తిట్లు ఆయన చెవిన పడినయ్!"

సాల్మన్ రాజు బస్తాలను జానెడు జరిపించాడు. జాలీకి పట్టిన తవుడూ దుమ్మూ బ్రష్షుతో దులిపాడు. తలుపుకు కొత్త రబ్బరు వేశాడు. పాత ఫ్యాను తీసి తక్కువ కరెంటు తినేది పెట్టాడు. లోపలి ట్యూబులైటు తీసేసి ఎల్ఈడీ బిగించాడు. ఆఖరున జేబులోంచి బస్సు టికెట్టు తీసి, సందులో పెట్టి తలుపేసి లాగాడు.

రాలేదు. చిరిగింది.

"ఇదెవరు నేర్పారయ్యా నీకు?" అంది సుశీల, చేతిలో ఉన్న పని ఆపి.

"గురువుగారేనమ్మా. ఆయన దగ్గర మొదటి పాఠం ఇదే."

డబ్బులివ్వబోతే తీసుకోలేదు. పూచీలో ఉన్నదానికి తీసుకోకూడదన్నాడు.

నెల తిరిగేసరికి బిల్లు మూడో వంతు తగ్గింది. ఇనప సామాన్ల వాడు వస్తే బాలకోటయ్యే పొమ్మన్నాడు. సుశీల మజ్జిగ ప్యాకెట్లు కూడా తెప్పించసాగింది. గురువారం గురువారం ఒక పెరుగు ప్యాకెట్టు విడిగా తీసి పెట్టేది. దానికోసం ఎవరూ రాలేదు.

బాలకోటయ్య సాల్మన్ రాజుకు ఫోన్ చేశాడు.

"మీ గురువుని ఒకసారి తీసుకురావయ్యా. తెలీక నోరు పారేసుకున్నా. శాలువా కప్పి దణ్ణం పెట్టుకుంటా."



"ఆయన పోయి మూడేళ్లయిందండి."

"మరి నిన్ను పంపిందెవరు?"

"ఆయన భార్యండి, జైనాబ్ బీ. బస్సు ఫ్రీ అయిన కాడ్నుంచి ఆయన పూచీ పడ్డ ఫ్రిజ్‌ని ప్రతి గురువారం చూసుకుని పోయేది. మీరు రావద్దన్నారని, మిగిలిన రెండేళ్లూ నాకప్పగించింది."