ఎవరి ఆయుష్షు

టీవీలో తెలుగు మాటలతో ఏదో యూరప్ సినిమా నడుస్తోంది. ముసలి సైంటిస్టు పడుచువాళ్ల నెత్తురు తీసి తన ఒంట్లోకి ఎక్కించుకుంటుంటే, అతని ముఖం మీది ముడతలు ఒక్కొక్కటే పోతున్నాయి. జయన్న మాస్టారు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆపు ఉరుకుందూ. సూడలేకుండా ఉండాను."

"అసలు కథ ఇప్పుడే గదా బావా!" అన్నాడు బామ్మర్ది ఉరుకుందు. మూల మంచం మీదున్న జయన్న తల్లి సుబ్బమ్మ వైపు చూసి గొంతు తగ్గించాడు. "టీవీలో ఈయప్పకు సూది గావాల్సొచ్చె. మీయమ్మ సూది లేకుండానే మనవడి ఆయుష్షు తాగి కూసునింది. ఎమ్మిగనూరులో మనోళ్లంతా ఇదే అంటాండారు."

జయన్న కొడుకు హరీష్ జ్వరంతో పోయి నెల కాలేదు. వాణ్ణి మట్టి చేసి వచ్చిన రోజు, ఎనభై దాటిన తల్లిని చూసి జయన్న కూడా మనసులో అదే అనుకున్నాడు. అప్పటినుంచి ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడా మాట ఇంకొకరి నోట వింటే, తాను కక్కిన కూడు తన ముందే వడ్డించినట్టు రోత పుట్టింది.

లేచి టీవీ కట్టేయబోయాడు.

"ఉండనీ నాయనా," అంది సుబ్బమ్మ. "ముసలోళ్లది తీసి పిల్లోళ్లకు ఎక్కిచ్చేది గూడా సూపిస్తారేమో."