జెన్నీ ఏమని రాసింది?

రేపు సమాధుల పండుగ. చేవెళ్ల సమాధుల తోటలో భార్య సుగుణమ్మ సమాధికి సున్నం వేయడానికి వచ్చాడు యోసేపు.

బకెట్లో సున్నం కుతకుతా ఉడుకుతోంది. జేబులో ఫోను టింగుమంది.

జెన్నీయే అయ్యుంటుందని బకెట్ మీదికి వంగినవాడు వంగినట్టే చటుక్కున తీయబోతే చేతిలోని కుంచె బకెట్లో పడింది. సున్నం చిమ్మి రెండు కళ్లలోనూ పడింది.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్లు. జెన్నీ ఫోనులో పరిచయమై ఏడు నెలలు. లండన్‌లో తెలుగు నర్సట. ఆమెకూ ఎవరూ లేరట. క్రిస్మస్‌కు వచ్చి పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోతుందట. ఇన్ని 'అట'లూ యోసేపుకు బైబిలు వాక్యమంత నిజం.

మొయినాబాద్ దగ్గర పెద్ద దవాఖానలో రెండు కళ్లకూ కట్టు కట్టారు. వారం దాకా విప్పేది లేదన్నారు.

కళ్ల సంగతి అటుంచి, జెన్నీకి జవాబివ్వడం ఎట్లా అన్నదే ఆయన బెంగ. రెండు రోజులు పలకకపోతే మొహం చాటేశాడనుకోదూ? సాయంత్రం అన్నం తెచ్చే కూతురు కృపాజ్యోతిని చదవమంటే ఉన్న పరువు కాస్తా పోతుంది.

పక్క మంచం దగ్గర గాజుల చప్పుడు వినిపించింది.

"ఎవరమ్మా అది?"

"బీరమ్మనన్నా. మాది షాబాదు."

"జర నా ఫోన్ల మెసేజ్ సదివి పెడతవా? జెన్నీ అని ఉంటది."

గాజుల చప్పుడు దగ్గరికొచ్చింది.

"నేనా?"

"ఇంకెవరున్నరీడ?" యోసేపు విసుక్కుంటూ బొటనవేలు పెట్టి ఫోను తెరిచి, అందించాడు.

తీసుకుంది గానీ ఫోను అటూ ఇటూ తిప్పుతున్న గాజుల చప్పుడే వినిపిస్తోంది.

"ఎంతసేపమ్మా!"

"అద్దాలు తేలేదన్నా, జర ఓపిక పట్టు." గొంతు సవరించుకుంది. "తిన్నవా అంటుందన్నా. పానం ఎట్లున్నదని అడుగుతుంది."

యోసేపు మొహం విప్పారింది.

"కండ్లల్ల సున్నం పడ్డది, ఫికర్ చెయ్యకు అని కొట్టు."

"కొట్టిన."

ఇక ఫోను టింగుమన్నప్పుడల్లా "బీరమ్మా!" అని ఒకటే కేక. పక్క మంచం మీద మూలుగు వినబడుతున్నా ఆగేవాడు కాదు. అన్నం తెచ్చిన కూతురు ఫోను ముట్టుకోబోతే కసిరేవాడు. ఆమె వచ్చేది. కండ్లు రుద్దుకోకు అంటుందన్నా అనేది. చన్నీళ్లు తాగకు అంటుంది అనేది. ఆ మూలిగే మనిషి ఆమెకు ఏమవుతాడో, ఏం జబ్బో, యోసేపు ఒక్కనాడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు.

నాలుగో రోజు బీరమ్మ చదివింది.

"దవాఖానోళ్లిచ్చిన గుడ్డు దిండు కింద దాయకు, తిను అంటుందన్నా."

యోసేపు నోరెళ్లబెట్టాడు. "లండన్ల ఉన్నామెకు గా సంగతి ఎట్ల తెలిసింది?"

"మనసుంటే తెల్వదా అన్నా?"

"నా సుగుణ గూడ గిట్లనే కనిపెడుతుండె," అన్నాడు యోసేపు. దిండు కింది గుడ్డు తీసి తిన్నాడు.

ఆరో రోజు పొద్దున ఫోను మోగింది. రెండుసార్లు పిలిస్తే గానీ బీరమ్మ రాలేదు. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏమని రాసింది?"

"దూరం పోతున్ననంటుందన్నా. ఇగ రాయనంటుంది. యాళ్లకింత తినమంటుంది. బిడ్డ మీద కసురుకోకు, కడుపుల ఉన్నది బిడ్డకు చెప్పుకో అంటుంది."

"ఇగ రాయదా?"

"రాయదన్నా."

ఫోను ఆయన చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

యోసేపుకు ఏడుపు రాలేదు. ఏమీ అనిపించలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు కట్టు విప్పారు. అంతా మసక మసకగా ఉంది. మొట్టమొదట ఫోను తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

మొదటి రోజు జెన్నీ రాసింది: 'ఇంటి కాగితాల ఫోటోలు పంపలేదేం?'

రెండో రోజు: 'ఈరోజే కావాలి. లేకపోతే పెళ్లి లేదు.'

మూడో రోజు: 'నా టైమంతా దండగ చేశావు, ముసలోడా.'

అంతే. ఆమె ఫోటో కూడా మాయమైపోయింది. తర్వాత మోగినవన్నీ చర్చి గ్రూపులో వచ్చిన వాక్యాలు. తిన్నవా అన్న మాట ఎంత వెతికినా కనబడలేదు. తాను కొట్టమన్న జవాబు ఒక్కటీ లేదు.

జెన్నీ మీద కోపం రావాలి. అదీ రాలేదు. 

పక్క మంచం వైపు చూశాడు. ఉతికిన దుప్పటి పరిచి ఉంది.

"బీరమ్మ ఏది సిస్టర్?"

"నిన్ననే ఇంటికి పోయింది తాతా," అంది నర్సు సమత.

"నా మెసేజ్‌లు ఒక్కటి గూడ ఉన్నదున్నట్టు సదువలే. అన్నీ తప్పు సదివింది."

సమత మందుల ట్రే బల్ల మీద పెట్టింది.

"ఆమెకు సదువు యాడిది తాతా? నిన్న తెల్లారంగ పెనిమిటి పానం పోతే, శవాన్ని తీస్కపోయే కాగితం మీద గూడ వేలిముద్రనే పెట్టింది."