పన్నెండు గంటల తాళం

రోష్‌మోర్, 11 జూన్ 1987, మధ్యాహ్నం 12.20.

ఒడీల్, మనం సందర్శకులకు చూపించే పాత చెరసాల బురుజులో, నువ్వు వేసిన తాళం వెనక చిక్కుకుని ఈ కార్డు రాస్తున్నాను. బాణాలు వేసే సన్నని కంతలోంచి కింది కూడలిలోకి విసురుతాను. కాఫీ కొట్టువాళ్ళు నీకు అందిస్తారు. నీ తప్పేమీ లేదు. పన్నెండు కొట్టగానే తాళం వేసి భోజనానికి వెళ్ళమని, ఎవరి కోసమూ ఆగవద్దని నేర్పింది నేనే.

గోడ మీది గీతలు ఏళ్ళ లెక్కేనా అని నువ్వు సందేహపడితే, ఉదయం సందర్శకుల ముందు నిన్ను కసిరాను. "నలభై ఏళ్ళుగా చెబుతున్నా. ఇక్కడ బంధించిన ఖైదీ ఏడాదికొక గీత గీసింది. పదకొండు గీతలు, పదకొండేళ్ళు. లెక్క రాకపోతే పని మానెయ్."

"లెక్క సరే అమ్మమ్మా. పక్కపక్కన గీయక ఒకదానిపై ఒకటి ఎందుకు గీసినట్టు? నిచ్చెన వేసుకుందా?" అన్నావు.

అందరూ నవ్వారు. నిన్ను పనిలోంచి తీసేశాను. రెండింటికి తాళంచెవి ఇచ్చేసి ఊరు విడిచి పోతానన్నావు.

నీ మాట తప్పని నిరూపించాలని గీతలు కొలవడానికి మళ్ళీ ఎక్కాను. రోజూ ఈ వేళకు బురుజు మూసే ఉంటుంది. కంతలోంచి ఎండ ఆ గోడ మీద పడడం ఇవాళే చూశాను. మొదటి గీత నా మోకాలికి కాస్త పైన ఉంది, చివరిది నా భుజం దగ్గర. వాటి కింద గోడ, రోజూ ఓ చిన్న వీపు ఆనినట్టు, నునుపుగా అరిగింది.

ఇక జరగవలసినవి:

1. తలుపు తియ్యి.
2. తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో.
3. రెండు గంటలకు వచ్చేవాళ్ళకు నువ్వే చెప్పు: ఆమె గీసింది ఏళ్ళ లెక్క కాదు, లోపలే పెరిగిన బిడ్డ ఎత్తు.