ఒకే చేతి మేత

పక్కపక్కనున్న మూడు అడవుల్లో కోడిగూళ్లకు మూడు కుక్కల దండులు కాపలా. దొంగల్ని తరమడానికి కాళ్లు చాలక, కలిసి గాడిదలు కొందామనుకున్నాయి. టోకున కొంటే చవగ్గా ఇస్తానంది అడవి చివర గాడిదలు పెంచే నక్క.

తూర్పు దండు పెద్ద కరియప్పకు అనుమానం నక్క మీద కాదు, పక్కనున్న ఇద్దరు పెద్దల మీద. మంచివన్నీ అవి లాగేసుకుని కుంటివి తనకు అంటగడితే? పడమటి పెద్ద ఒక గాడిద చెవి నిమిరితే చాలు, ఎందుకు నిమిరిందా అని కరియప్ప వెళ్లి అదే చెవి నిమిరి చూసేది.

"అన్నీ ఒకేలా ఉండాలి. ఒకే వయసు, ఒకే నడక, ఒకే చేతి మేత తిని పెరిగినవి. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోను!" అని పట్టుబట్టింది.

"మా మాటా అదే," అన్నాయి మిగతా రెండూ దాన్ని ఓరగా చూస్తూ.

"అలాగే అన్నా! అన్నీ నా చేతి మేత తిన్నవే," అంది నక్క వినయంగా.

గాడిదల్ని కొన్న వారం తిరిగేలోగా ఒక మధ్యాహ్నం కోళ్లు గోలపెట్టాయి. మూడు దండులూ గాడిదలెక్కి దౌడుతీశాయి. అంతలో గుట్టమీద నక్క ఉలవల బుట్ట గలగలా ఆడించింది. అంతే, గాడిదలన్నీ దారి మళ్లి గుట్టకేసి పరుగెత్తాయి. కింద నక్క పిల్లలు తీరిగ్గా కోళ్లను మోసుకుపోతున్నాయి.

గాడిద మెడ పట్టుకుని వేలాడుతూనే కరియప్ప ఎడమకు చూసింది, కుడికి చూసింది. ఎవరి గాడిదా తనదానికంటే ఒక్క అడుగు ముందు లేదు.

హమ్మయ్య అనుకుంది.