అద్దంలో ఆస్గెర్

డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఆఫీసు నుంచి సిగ్నె, నేను సైకిళ్ల మీద ఇళ్లకి వస్తూ రెడ్ సిగ్నల్ దగ్గర ఆగాం. ఎడమ పక్కన, మేం నేరుగా వెళ్లే దారికి అడ్డంగా కుడివైపు తిరగబోతూ ఒక లారీ ఆగి ఉంది.

"లారీ అద్దంలో డ్రైవరు మొహం కనిపిస్తేనే కదులు తూరా. అతను నీకు కనపడకపోతే, నువ్వూ అతనికి కనపడవు" అనేవాడు నా భర్త ఆస్గెర్. రెండేళ్ల కిందట ఈ మలుపులోనే లారీ కింద పడి చనిపోయాడు. ఆ రోజు సిగ్నెతో కబుర్లు చెబుతూ, ఆమె పక్కనే తొక్కుతున్నాడు. నేను ఎప్పటిలాగే వాళ్ల వెనకాల ఉన్నాను.

అలవాటుగా అద్దంలోకి చూశాను. డ్రైవరు సీట్లో ఆస్గెర్ కూర్చుని ఉన్నాడు.

చూపు మాత్రం నా మీద లేదు. నా వెనకున్న సిగ్నెని చూస్తూ, ఇక్కడ సైకిలు ఆపేముందు వెనకవాళ్లకి ఆగమని సైగ చేసినట్టే అరచెయ్యి పైకెత్తాడు.

గ్రీన్ లైటు పడింది.

"నువ్వు వెళ్లవే తూరా, నాకెందుకో కాళ్లు ఆడట్లేదు" అంది సిగ్నె.

నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చాక కూడా దాన్నే కాపాడతాడా! పెడల్ తొక్కి లారీ ముందు చక్రం దాకా వెళ్లాను.

"ఇటు చూడు, నన్ను చూడు!" అని అరిచాను.

ఈసారి నన్నే చూశాడు. ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, స్టీరింగు మీద వేశాడు.